బూట్లేసుకొని బువ్వ

మా అనంతపురం వాళ్లకు సముద్రమంటే బుక్కరాయసముద్రం. అది ఊరి పేరు. ఆ ఊరికి పేరు తెచ్చింది చెరువు. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి నీళ్లు నిలబెట్టినాడంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ దేవుడు మొహమాటపడితేనే కురిసే సీమ మాది. అందుకే చెరువుకు సముద్రమని పేరు పెట్టుకొని సంబరపడినాము. అట్లాంటి సముద్రం ఒడ్డున పుట్టినోణ్ణి నేను. నన్ను డెబ్భై ఆరో ఏట నిజం సముద్రం మీద తేలే మేడ ఎక్కించి, ఆ మేడలో రాత్రి బువ్వకు ఏం గుడ్డలు కట్టుకొని రావాలో రాసిన కాగితం చేతిలో పెట్టినాడు మా పెద్దోడు.

"ఒకసారి చదువుకో నాయనా. మళ్లీ వాకిట్లో గలాటా వద్దు" అన్నాడు.

వాడు డల్లాసు పక్కన ఉంటాడు. మా పెండ్లయి యాభై ఏండ్లు నిండినాయని, ఐదు గంటలు కారు తోలి గాల్వెస్టన్ రేవుకు తీసుకపోయి ఏడు రాత్రుల ఓడ ఎక్కించినాడు. టెక్సస్ తెలుగోళ్లకు ఓడంటే గాల్వెస్టనే. సంక్రాంతికి మనం ఊళ్లకు పోయినట్టు, వాళ్లు బడి సెలవులకు అక్కణ్ణుంచి మెక్సికో దిక్కు పోతారు. రేవులో వరసలో నిలబడితే ముందొక తెలుగు సంసారం, వెనకొక తెలుగు సంసారం. "మీదే ఊరండీ" అని ఓడ ఎక్కకముందే నలుగురు అడిగినారు.

ఓడలో తిండికి కరువు లేదు. ఆ మాట రాయాలంటేనే మా జిల్లావాణ్ణి కదా, చెయ్యి తడబడుతుంది. పై అంతస్తులో పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పొద్దుపోయేదాకా బఫే. దాంట్లోకి తడి ఈతగుడ్డలతో తప్ప ఎట్లా వచ్చినా అడిగేవాళ్లు లేరు. కింద పెద్ద భోజనశాల ఉంది, సాయంత్రం పూట నిక్కర్లు వద్దంటారు. ఈ రెండూ టికెట్టులోనే. మావాడికి ఈ రెండూ ఆనలేదు. మూడో రకం ఒకటుంది, స్పెషాలిటీ రెస్టారెంటు. దానికి మనిషికి ఇంకో అరవై డాలర్లు కట్టాలి. అంటే ఐదువేల రూపాయల పైమాట. అనంతపురంలో అన్న క్యాంటీన్‌కు పోతే ఐదు రూపాయలకు ఒక పూట గడుస్తుంది. ముప్పై మూడేండ్లు హైస్కూల్లో లెక్కల అయ్యవారిగా చేసినోణ్ణి, లెక్క వెయ్యకుండా ఉండలేను. వెయ్యి పూటల బువ్వ డబ్బు ఒక్క పూటకు. అంత సొమ్ము తీసుకొని, మళ్లీ వాళ్లే మనకు షరతులు పెడతారు. మా రోజుల్లో డబ్బు తీసుకున్నోడు చెప్పింది వినేవాడు.

కాగితం మీద పైన పెద్ద అక్షరాలతో "స్మార్ట్ క్యాజువల్" అని ఉంది. క్యాజువల్ అంటే నాకు తెలిసింది సి.ఎల్. ఒక్కటే. హెడ్మాస్టరు ఊళ్లో లేని రోజు చూసి పెట్టేదే స్మార్ట్ క్యాజువల్ అనుకున్నా. కాదంట. మగవాళ్లకు కాలరు చొక్కా, నిడుపాటి ప్యాంటు, వేళ్లు బయటికి కనపడని బూట్లు. కోటు ఉంటే మంచిదే, లేకున్నా రానిస్తారు. నిక్కరు, చేతుల్లేని బనియను, టోపీ, చినిగిన జీన్సు, రబ్బరు చెప్పులు కూడదు. ఆడవాళ్లకు గౌను, స్కర్టు, లేదా ప్యాంటు మీద మంచి చొక్కా. చీర ఊసు లేదు, పంచె ఊసు లేదు. వద్దనీ లేదు, రమ్మనీ లేదు. చట్టంలో ఇట్లాంటి సందు దొరికితే మన వకీళ్లు పదేండ్లు బతుకుతారు.

మా కోడలు తెనాలి పిల్ల. మంచిది. ముందుచూపు ఎక్కువ. "మావయ్యగారూ, అబ్బాయి కొలతలు చూసి మీకో నల్ల సూటు తెప్పించానండి. భలే ఉంటుంది మీకు" అని పెట్టెలోంచి తీసి మంచం మీద పరిచింది. పరిచిన సూటును చూస్తే మనిషి పడుకున్నట్టే ఉంది. నాకు మాత్రం స్టూడియో కోటు గుర్తుకొచ్చింది.

మా రోజుల్లో ఫోటో స్టూడియోలో ఒక కోటు ఉండేది. ఒక్కటే కోటు. పెండ్లికొడుకులకు, పదో తరగతి పాసైనోళ్లకు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటోళ్లకు అదే. లావాటోడికీ అదే, నాబోటి బక్కోడికీ అదే. 1974లో అనంతపురంలో నేనూ తొడిగినా. ముందు నుంచి చూస్తే కలెక్టరు. వెనక మాత్రం వీపు పొడవునా గుండుసూదులు. ఫోటోలో నేను నిటారుగా, గంభీరంగా ఉన్నానని ఇప్పటికీ అందరూ మెచ్చుకుంటారు. కదిలితే గుచ్చుకుంటుందని బిగబట్టినా, అంతే. ఈ జన్మకు ఆ సూదులు చాలు, సూటు వద్దు, పంచెతోనే వస్తానన్నా.

మా పెద్దోడి మొగం చూడాల. ఆదివారం పొద్దున అత్తారింటి నుంచి ఫోనొచ్చినట్టు పెట్టినాడు.

ఇక్కడొక మాట చెప్పాల. ఇదే పెద్దోడు నాలుగేండ్ల కింద మా తోడల్లుడి మనవరాలి పెండ్లికి అనంతపురం వచ్చినాడు. తలంబ్రాల టైముకు దిగినాడు, మోకాళ్ల దగ్గర చినిగిన జీన్సుతో. ఆ జీన్సు మీద నాకు కోపం లేదు. మా రాయదుర్గంలో వీధి వీధినా మిషన్లు పెట్టి జీన్సే కుడతారు. పక్కన బళ్లారిలోనూ అదే బతుకు. ఒకప్పుడు మగ్గాలు నేసిన చేతులు కొన్ని ఇప్పుడు ఆ మందపాటి గుడ్డ మీద పడినాయి. నా కోపం చిరుగు మీద. మా నాయన పంచెకు చిరుగు పడితే మా జేజి రాత్రికి రాత్రి దారంతో మాటు వేసేది, పొద్దున బయటోళ్ల కంట పడకూడదని. ఇప్పుడు గట్టి గుడ్డ నేసి, కుట్టి, పనిగట్టుకొని మోకాలి దగ్గర గీరి, గీరినందుకు ఇంకో నూరు ఎక్కువ తీసుకుంటారు. అదేందిరా అంటే "కంఫర్ట్ నాయనా" అన్నాడు ఆ రోజు. పెండ్లి పెద్దలు తలలు పక్కకు తిప్పుకున్నారు. వాడి పెద్దమ్మ అయితే పైకే అనింది. వాడు వినలేదు.

అదే మనిషి ఓడోడు ఒక కాగితం ఇస్తే, దాన్ని రెండుసార్లు చదివి, ప్యాంటుకు తనే ఇస్త్రీ చేసుకొని, పెండ్లాం పిల్లలకు అప్పజెప్పినాడు. మా ఇంట్లో యాభై ఏండ్ల నుంచి పెద్దోళ్లు నోటితో చెప్పింది చెవికెక్కలేదు. ముక్కూ మొగం ఎరగని ఓడోడు అచ్చేసి ఇస్తే వేదమైపోయింది. నా సణుగుడంతా ఈ ఒక్కదాని మీదనే. ఓడ మీద కాదు.

మా రోజుల్లో బంతి భోజనానికి కాగితం లేదు. ఐనా తప్పు గుడ్డతో వచ్చినోడు లేడు. వాకిట్లో చెప్పులు విడిచేది. చెంబులో నీళ్లతో కాళ్లు కడుక్కునేది. కరువు ఏడాదైతే ఒక చెంబు ముగ్గురికి, బొటనవేళ్ల మీద పోసుకొని కడిగినామనిపించేది. చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, భుజాన తువ్వాల వేసుకొని, విస్తరి ముందర మఠం వేసుకొని కూర్చునేది. అరటాకులు మా సీమలో ఎక్కడివి? మోదుగాకు విస్తర్లు, అవి లేకుంటే మర్రాకువి. ఓడలో మర్యాదంటే తొడుక్కునేది. మాకు మర్యాదంటే విప్పేది. ఈ తేడా చెబితే మా మనవడు నవ్వినాడు, వాడికి పద్నాలుగేండ్లు. "చొక్కా లేకుండా డిన్నరా తాతా?" అన్నాడు. ఔనప్పా. బువ్వ ముందర మనిషి మనిషిగా కూర్చునేవాడు, చొక్కా గొప్పగా ఉందా లేదా చూసేదానికి చొక్కానే ఉండేది కాదు.

అట్లని పట్టింపులు లేవనుకోవద్దు. గంజి సంగతే తీసుకోండి. నా చిన్నప్పుడు మా ఇంట్లో వరి బువ్వ పండగలకే. మిగతా దినాలంతా రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం. వరి వండితేనే గంజి వస్తుంది. వచ్చిన గంజిలో ఉప్పేసుకొని తాగుతారా, గుడ్డలకు పెడతారా? అందుకే గంజి పెట్టిన పంచె ఫెళఫెళలాడించుకుంటూ ఎవరన్నా వీధిలో నడిచిపోతే, ఆ ఇంట్లో నిన్న వరన్నం వండినారని ఊరికి తెలిసిపోయేది. ఓడలో బ్రాండు పేరు చొక్కా జేబు మీద కుట్టుకుంటారు. మాకు ఆ చప్పుడే బ్రాండు.

ఇస్త్రీ పెట్టె కూడా ఊరికొకటి ఉంటే గొప్ప. మా అమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, అడుగును తుడిచి, దాంతో పంచె మీద రుద్దేది. పండగ ముందు రోజు మా చెంబు వీధంతా తిరిగొచ్చేది. ఒకసారి దాంట్లోంచి నిప్పురవ్వ పడి మా నాయన కండువాకు చిల్లు పడింది. ఆ చిల్లు కనపడకుండా ఎట్లా మడత పెట్టుకోవాలో ఆయనకు ముప్పై ఏండ్లు అలవాటు. ఫోటోల్లో చూస్తే ఎప్పుడూ ఎడమ భుజమే.

తెల్లగుడ్డ ఎర్రనేల మీద తెల్లగా ఉండాలంటే నీళ్లు కావాల. నీళ్లే ఉంటే మేము అనంతపురం ఎందుకవుతాము? బావిలో నీళ్లు అడుగంటితే నెలకొకసారి ఉతుకు. పెండ్లికి పోయే చీర మా వీధి మొత్తానికి రెండో మూడో ఉండేవి, ధర్మవరం పట్టువి. మా అమ్మ పక్కింటామె చీర కట్టుకొని నా పెండ్లికి పీటల దగ్గర కూర్చుంది. మళ్లీ వారానికి ఆ పక్కింటామె కూతురి సీమంతానికి అదే చీర ఆమె కట్టింది. చీర ఎవరిదని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు గనక.

మా రోజులన్నీ ఇట్లా పట్టుచీరలూ ఇత్తడి చెంబులే అని చెబితే అబద్ధమవుతుంది. మా ఊళ్లో ఇంకో నియమం కూడా ఉండేది, అదీ ఎవరూ కాగితం మీద రాయలేదు. మాలమాదిగ వాడల మనుషులు పెద్దవీధిలోకి వస్తే చెప్పులు చేతబట్టుకోవాల, తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకోవాల, పంచె మోకాలి కిందికి దిగకూడదు. బంతిలో మాతో కూర్చునేదానికి కాదు, బంతి లేచినాక దూరంగా నిలబడేదానికి. నాతో పాటు బళ్లో చదివినోడు ఒకడు, పట్నంలో ఉద్యోగమొచ్చి మొదటి జీతంతో కొన్న బూట్లేసుకొని పెద్దవీధిలో నడిచినాడు. దానికి పంచాయితీ జరిగింది. ఆ పంచాయితీలో మా నాయన కూడా కూర్చున్నాడు. నేను ఆయన వెనక నిలబడినా, నోరు తెరవలేదు. ఆ బూట్లు నాకు ఇప్పటికీ కనపడతాయి, గోధుమరంగువి, కొత్తవి. మా రోజులు అని నేను సణిగేటప్పుడు మా ఇంటామె ఒక్కోసారి "ఆ పొద్దు బూట్లోడి సంగతి కూడా చెప్పు" అంటుంది. చెప్పినా.

సరే. పై నుంచి వచ్చే నియమానికి తలవంచి గుడ్డలు మార్చుకునేది మనకు కొత్త కాదు. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడంతటి కవి ప్రౌఢదేవరాయల కొలువుకు విజయనగరం పోతే, నెత్తిన కుల్లాయి పెట్టి, పెద్ద అంగీ తొడగాల్సొచ్చింది. అలవాటు లేని తిండి తినాల్సొచ్చింది. ఇంత చేసినా కరుణించవా అని కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకున్నట్టు ఒక చాటువు ఆయన పేరు మీద ఉంది. నాకు తెలిసి డ్రెస్ కోడ్ మీద తెలుగులో మొదటి సణుగుడు అదే. ఆ కుల్లాయిలు ఎట్లుండేవో చూడాలంటే లేపాక్షికి పోండి. వీరభద్రుడి గుడి పైకప్పు బొమ్మల్లో పదహారో శతాబ్దపు పెద్దమనుషులు పొడుగు టోపీలు పెట్టుకొని వరసగా నిలబడి ఉన్నారు. ఆడవాళ్ల చీరల అంచులు చూసి ధర్మవరంలో ఇప్పటికీ నమూనాలు తీసుకుంటారు. మగవాళ్ల టోపీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మంచి పని.

పుట్టపర్తిలోనూ చూస్తిమి గదా. ఇటలీ నుంచి, ఇంకా యాడెయాడి నుంచో వచ్చిన దొరసానులు తెల్లచీర కట్టుకొని, పైట జారకుండా పిన్నులు పెట్టుకొని, మా ఎండలో నేల మీద కూర్చునేవాళ్లు. వాళ్లెవరూ కంఫర్ట్ మాట ఎత్తినట్టు నేను వినలేదు.

ఐతే పంచె సంగతి వేరే. చీర యాడికన్నా పోతుంది, పంచెను వాకిట్లో నిలబెడతారు. 2014 జులైలో చెన్నైలో మద్రాసు హైకోర్టు జడ్జి హరిపరంధామన్ గారు పుస్తకావిష్కరణకని చేపాక్‌లోని తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బుకు పోతే, పంచె కట్టినారని లోపలికి రానీలేదు. జడ్జి! వాళ్ల శాసనసభ ఊరుకోలేదు, ఆగస్టులోనే చట్టం చేసింది. పంచె కట్టినోణ్ణి క్లబ్బులో ఆపితే లైసెన్సు రద్దు, ఏడాది దాకా జైలు, పాతికవేల జరిమానా. మనవాళ్లకు ఆ రోషం లేదు. బెంగళూరు మాకు హైదరాబాదు కంటే దగ్గర గదా, అక్కడ 2024 జులైలో మాగడి రోడ్డు మాల్‌లో సినిమాకని కొడుకు తీసుకొచ్చిన ఒక రైతును పంచె కట్టినాడని ఆపినారు. గొడవ శాసనసభకెక్కింది, ఏడు రోజులు ఆ మాల్ మూయిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆపినప్పుడు తీసిన వీడియోలో నన్ను కదిలించింది రైతు కాదు, వాళ్ల నాయన పక్కన నిలబడి కొట్లాడిన కొడుకు. ఈ కథంతా ఓడలో మావాడికి చెప్పినా.

"నాయనా, తమిళనాడు చట్టం ఇక్కడ చెల్లదు. ఈ ఓడ మీద ఎగిరేది బహమాస్ జెండా" అన్నాడు.

అమెరికాలో ఎక్కి, మెక్సికోకు పోయే ఓడకు బహమాస్ జెండా ఏమిటికో అడిగితే, పన్నులు, జీతాలు అని ఏదో చెప్పినాడు. మనిషికి మాత్రం గుడ్డలు వాళ్లు చెప్పినవి, ఓడకు జెండా దానికి ఇష్టమొచ్చింది.

మా మనవడు మాత్రం ఫోనులో వెదికి నా దిక్కు వచ్చినాడు. కునార్డ్ అని ఒక పాత కంపెనీ, ఓడల్లో పెద్ద జమీందారు లాంటిదంట. వాళ్ల గాలా రాత్రులకు నల్లకోటు గానీ, ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లవి గానీ వేసుకోవచ్చని రాసుకున్నారు. స్కాట్లండు వాళ్లు గళ్ల లంగా కట్టుకొని దర్జాగా వస్తారంట. "లంగాకు ఓకే అన్నోళ్లు పంచెకు నో అనరు తాతా" అన్నాడు. వాడికి నా లెక్కల బుర్ర వచ్చింది.

గాంధీ కథ కూడా వాడికే చెప్పినా, వాళ్ల నాయనకు చెప్పినా ప్రయోజనం లేదు గనక. 1888 సెప్టెంబరులో పద్దెనిమిదేండ్ల గాంధీ బొంబాయిలో ఓడెక్కినాడు. దారి పొడవునా నల్లసూటు వేసుకొని, దిగేటప్పుడు వేసుకునేదానికని తెల్ల ఫ్లానెల్ సూటు దాచిపెట్టుకున్నాడు. ఓడ దిగి చూస్తే సెప్టెంబరు ఆఖరు, తెల్లసూటులో ఉండేది తానొక్కడే. సిగ్గుతో చితికిపోయినాడు. ఓడలో అయితే కత్తీ ఫోర్కూ పట్టేది తెలియక, దేంట్లో మాంసముందో అడగలేక, భోజనాల బల్ల దగ్గరికే పోలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లు గదిలో కూర్చొని తిన్నాడు. అదే మనిషి 1931లో రాజపుతానా ఓడలో రౌండ్ టేబుల్ సమావేశానికి పోయేటప్పుడు మోకాళ్ల దాకా కొల్లాయి, పైన శాలువా. ఆ గుడ్డల్లోనే బకింగ్‌హాం ప్యాలెసులో రాజుగారి ముందర నిలబడినాడు. నడుమ నలభై మూడేండ్లు పట్టింది. నాకేమో రాత్రి ఏడున్నరకే పోవాల.

పోయే దినం శనివారం, ఓడలో ఆఖరు రాత్రి. ఆఖరు రాత్రి పెట్టెలన్నీ సర్ది, చీటీలు కట్టి, గది బయట నడవలో పెట్టాల, పొద్దునకు వాళ్లే రేవులో దింపుతారు. మా ఇంటామె సాయంత్రానికే అన్నీ సర్ది బయట పెట్టేసింది. తను ధర్మవరం పట్టుచీర కట్టుకుంది, మావిడిపిందెల అంచుది. నేను తెల్లపంచె, ఇంటి దగ్గర గంజి పెట్టి ఇస్త్రీ చేసి పేపర్ల నడుమ పెట్టి తెచ్చింది, తెల్ల కాలరు చొక్కా, కండువా. లిఫ్టులో ఎక్కిన నలుగురూ చీర అంచు పట్టుకొని చూసినారు. ఒకామె "ఇది చేత్తో నేసిందా" అని అడిగి, ఔనంటే నోరు తెరిచింది. నా పంచె చూసి ఎవరూ ఏమీ అనలేదు. టెక్సస్ ముసలాయన ఒకడు మాత్రం, "వెరీ కూల్" అన్నాడు. కూలే గదా, ఏసీలో పంచె కింద గాలి.

వాకిట్లో నిలబడిన పిల్ల నవ్వుతూ మమ్మల్ని పై నుంచి కిందికి చూసింది. పంచె దగ్గర ఆగుతుందని మావాడు ఊపిరి బిగబట్టినాడు. ఆగలేదు. చూపు కిందికి దిగి నా కాళ్ల దగ్గర నిలబడింది. తోలు చెప్పులు, పది వేళ్లూ బయటికి కనపడతా ఉన్నాయి. "సారీ సర్, మూసిన బూట్లు ఉండాలి" అంది, ఎంత మెత్తగా అంటే తిట్టుకునేదానికి కూడా వీల్లేకుండా. జడ్జిగారి కథ, రైతు కథ, తమిళనాడు చట్టం, అన్నీ సిద్ధం చేసుకొని పోయినా. ఒక్కటీ పనికిరాలేదు. పంచె మీద దాడి జరిగితే ఎదుర్కోవచ్చు. చెప్పుల మీద జరిగితే ఏం మాట్లాడతాము?

నా వెనక నుంచి మా మనవడు దిగులుగా చూసినాడు. వాడి జీన్సుకు కుడి మోకాలి దగ్గర చిరుగు. వాళ్ల నాయన నా పంచె మీదే కన్నుపెట్టి కొడుకు మోకాలు చూసుకోలేదు. ఆ పిల్ల వాణ్ణి కూడా ఆపింది.

ఇద్దరం నడవలో నడిచినాము. ఎంత పొడుగు నడవ అనుకున్నారు! మా ఊరి పెద్దవీధి కంటే పొడుగు. "వీ బోత్ గాట్ రిజెక్టెడ్ తాతా" అన్నాడు వాడు, పరీక్షలో తోడు దొరికినట్టు సంతోషంగా. గది ముందర పెట్టెలు వరసగా ఉన్నాయి. నాకున్న బూట్లు ఒక్కటే, డల్లాసులో నడకకని వాల్‌మార్ట్‌లో కొనిచ్చిన తెల్ల గుడ్డబూట్లు, పచ్చ గీత ఉంటాది. అవి మూడో పెట్టె అడుగున, మాగాయ డబ్బా కింద. నడవలో కూర్చొని పెట్టె విప్పినా. వాడూ తన పెట్టెలోంచి చిరుగు లేని ప్యాంటు తీసి మార్చుకున్నాడు. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు దాటుకొని పోతా ఉన్నారు. పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి బూట్ల లేసులు కట్టుకుంటుంటే, చేనికి పోయే రోజు గుర్తొచ్చింది.

పంచె, కండువా, తెల్ల గుడ్డబూట్లు. ఆ పిల్ల చూసి "పర్ఫెక్ట్" అంది. నేను అద్దంలో చూసుకున్నా. పర్ఫెక్ట్ అనే మాటకు మాకు బళ్లో వేరే అర్థం చెప్పినారు.

లోపల చీకటి, కొవ్వొత్తులు, చలి. శనివారం మాకు నీచు పనికిరాదు. మెనూలో మాకు మిగిలింది పుట్టగొడుగుల అన్నం, ఆకుకూర. అన్నం అరచేయంత, దాని చుట్టూ తెల్లపళ్లెం ఎకరమంత. రొట్టె చేత్తో తుంచుకొని తినొచ్చంట, అన్నం మాత్రం చేత్తో తినకూడదని కోడలు ముందే చెప్పింది. ఎవరు రాసినారో ఈ శాస్త్రం.

లిఫ్టులో కనపడిన ముసలాయన పక్క బల్ల మీదే పెండ్లాంతో కూర్చున్నాడు. అంతమందిలో ఆయన ఒక్కడే నల్లకోటు, మెడకు బో కట్టుకున్నాడు. ఆయనకు ఎనభై దాటింటాయి. మాట కలిసింది. నలభై ఏండ్ల నుంచి ఓడలెక్కుతున్నాడంట. ఆ కాలంలో రోజూ రాత్రి కోటు లేకుండా కింద భోజనశాలకు దిగేవాళ్లు కాదంట. 2000లో నార్వేజియన్ కంపెనీ "ఫ్రీస్టైల్" అని మొదలుపెట్టి, గుడ్డలు మీ ఇష్టమనిందంట, అప్పటి నుంచి ఒక్కో కంపెనీ జారుకుంటూ వచ్చిందంట. "ఇప్పుడు జనం నిక్కర్లతో వస్తున్నారు, టోపీ కూడా తియ్యరు" అని ఆయన గొంతులో నిజంగా బాధ. టోపీ తీస్తే మర్యాద ఆయన ఊళ్లో. మా ఊళ్లో తలగుడ్డ లేకుండా పెద్దల ముందరికి పోతే అమర్యాద. ఐనా ఆయన చెప్పేది నాకు మాట మాటా అర్థమయింది. మా ఊళ్లో ఇప్పుడు పెండ్లి కార్డుతో పాటు వాట్సాప్‌లో రంగుల పట్టిక కూడా వస్తుందని, హల్దీకి పసుపు, మెహందీకి పచ్చ, రిసెప్షన్‌కు పేస్టెల్ అని ఆయనకు చెప్పినా. పోయినేడు పేస్టెల్ అంటే ఏమి రంగని మా చెల్లెలి మనవరాలిని అడిగితే, "కొంచెం వెలిసిపోయినట్టుండేది తాతా" అనింది. అదైతే నా దగ్గర పెట్టె నిండా ఉన్నాయన్నా. ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకొని నవ్వినాడు. ఆయన పెండ్లాం మా ఇంటామె చీర అంచును వేలితో తడుముతా కూర్చుంది.

మావాడు బిల్లు మీద సంతకం పెట్టినాడు. చూడలేదు నేను. చూస్తే పూటలు లెక్కవేస్తానని వాడికి తెలుసు, చెయ్యి అడ్డం పెట్టినాడు.

పదిన్నరకు నాకు ఆకలైంది. గదిలో అటూ ఇటూ పొర్లి, లేచి పైనంతస్తుకు పోదామనుకుంటే మా మనవడు కూడా వచ్చినాడు, వాడికీ కడుపు నిండలేదంట. బఫేలో తెల్లన్నం దొరికింది. కప్పులో పెరుగు దొరికింది. మూల బల్ల చూసుకొని కూర్చున్నాము, బయట చీకట్లో సముద్రం ఎక్కడుందో కూడా తెలియడం లేదు. ఎవరూ చూడట్లేదని బల్ల కింద బూట్లు విప్పి పక్కకు తోసినా. కాళ్లకు ప్రాణమొచ్చింది. మనవడు వంగి చూసి, తనవి కూడా విప్పినాడు. కుడిచేత్తో అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నా.

పెరుగు తియ్యగా ఉంది. వనిల్లా అంట.